మొరం గుంతలో కలువలు

కొత్వాల్‌గూడ,
22 జూన్ 2025

వీరేందర్‌కు,

నా అక్షరాలు గుర్తుపట్టావా? పదమూడేళ్ల తర్వాత రాస్తున్నాను. ఎవరితోనో రాయించాననుకునేవు, కాదు, నేనే, మీ భాగ్యక్కను. చేతిలో ఫోనుండగా ఈ పోస్టు కవరేమిటని సునీత నవ్వుతుందేమో, నవ్వనీ. మూడో దినం నాడు వాకిట్లో అందరి ముందూ నేను పెట్టుకున్న ఒట్టు నీ భార్య కూడా విన్నది. నా నోటితో నీతో ఒక్క మాట మాట్లాడితే నా శోభ మీద ఒట్టు అన్నాను. బతికున్నవాళ్ల మీద పెట్టిన ఒట్టును వాళ్లే తీసేస్తారు. పోయిన పిల్ల మీద పెట్టింది ఎవరు తీస్తారు? అందుకని నోరు అట్లాగే ఉంది. చేతికి ఒట్టు లేదు గనక రాస్తున్నాను.

సంగతి ఇది. మొన్న బుధవారం రాజశేఖర్ అనే ప్లాట్ల ఏజెంటు మన చేనులో టేపు పట్టుకొని తిరుగుతున్నాడని మీ బావ చెప్పాడు. అంగన్‌వాడీకి తాళం వేసి అటే పోయి నిలదీశాను. "గీ గుంత పూడుస్తున్నరమ్మా. మీ తమ్ముడే చెప్పిండు. మూడు వందల టిప్పర్ల మన్ను పడ్తది" అన్నాడు, అదేదో నాకు శుభవార్త అయినట్టు.

బాపు పోయాక నీ పేరున పడ్డ ఆ రెండెకరాల్లో మొరం తవ్వుకొమ్మని రోడ్డు కాంట్రాక్టరుకు ఇచ్చావు. వాడు ముగ్గురు మనుషుల లోతు తవ్వి పోయాడు. కంచె లేదు. వానకు నిండింది. నా పదేళ్ల పిల్ల అందులో పడి పోయింది. నీకు తెలియనిదేమీ కాదు, కానీ ఉత్తరం మొదలుపెట్టాక రాయకుండా ఉండలేకపోయాను.

ఆ రోజు నుంచి నేను అటువైపు అడుగు పెట్టలేదు. హిమాయత్ సాగర్ వైపు పని పడినా సర్వీసు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పోయేదాన్ని. మొన్న ఆ ఏజెంటు మీద కోపంలో నడుస్తూ నడుస్తూ, గుంత ఒడ్డునే నిలబడ్డానని కాసేపటికి గానీ తెలియలేదు.

అక్కడ గుంత లేదు వీరేందర్. నువ్వు చూసి చాలా ఏళ్లయి ఉంటుంది, అందుకే చెప్తున్నాను. కోసిన గోడలన్నీ జారి వాలుగా అయిపోయాయి. చుట్టూ మనిషెత్తు జమ్ము. మధ్యలో నీళ్లు, ఆ నీళ్ల నిండా తెల్ల కలువలు. ఒడ్డున తుమ్మచెట్టు ఒకటి నీళ్ల మీదికి వంగి ఉంది, దానికి గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. నలభై దాకా లెక్కపెట్టి మానేశాను. ఒక బుడుబుంగ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకొని తిరుగుతోంది. నేను చూస్తుండగానే విమానం ఒకటి చక్రాలు దించుకొని తల మీంచి పోయింది. దాని పొట్ట మొత్తం నీళ్లలో కనిపించింది. ఒక్క పిట్టయినా తల ఎత్తలేదు.

నాకు ముందు కోపం వచ్చింది. ఇంత అందంగా ఉండటానికి దీనికి సిగ్గు లేదా అనుకున్నాను. నా పిల్లను మింగి, పైన కలువలు పెట్టుకొని కూర్చుంది. రాయి తీసి విసిరాను. బుడుబుంగ మునిగి ఇంకోచోట తేలింది, అంతే. తర్వాత అక్కడే కూర్చున్నాను, ఎండ నెత్తికెక్కే దాకా. బాగుంది అనుకున్నాను. అనుకున్నందుకు చెంపలు వేసుకున్నాను.

దాన్ని పూడ్చవద్దు. ఇది అడగటానికే రాశాను.

భాగ్యలక్ష్మి


మహేశ్వరం,
30 జూన్ 2025

అక్కకు నమస్కారం.

నీ కవరు వచ్చేసరికి దుకాణంలో ఒక బోరు మోటారు విప్పుకొని కూర్చున్నాను. కవరు మీద చేతిరాత చూసి దాన్ని అట్లాగే బల్ల మీద పెట్టాను. చేతుల గ్రీజంతా పోయేదాకా సబ్బుతో రుద్దుకొని అప్పుడు చించాను. సునీత అన్నం తెచ్చి నా ముఖం చూసి, "ఏందయ్యా, ఎవరన్న పోయిండ్రా?" అంది. "లేదు, అక్క రాసింది" అన్నాను. తను కూడా అక్కడే కూలబడింది. ఆ రోజు దుకాణం మూసేశాం.

నువ్వు రాశావు, నాకు అదే చాలు. తిట్టినా చాలు.

ఆ ఏజెంటు మాటలు పట్టించుకోకు. నేను ప్లాట్లు చేయటం లేదు. వాడికి తెలిసినచోట అపార్టుమెంట్ల సెల్లారు తవ్వుతున్నారు, ఆ మన్ను ఎక్కడన్నా పోయాలి, మన గుంతలో పోస్తాడు. చదును చేసి సీతాఫలం మొక్కలు పెడతాను. పండ్లు నువ్వే తెంపుకో.

పూడ్చవద్దని ఎందుకు అన్నావో నాకు తెలుసు అక్కా. ఆ గుంత ఉన్నన్ని రోజులూ ఊరు నా వైపు వేలు చూపిస్తుంది. చూపించాలనే నీ కోరిక. అందులో తప్పేమీ లేదు. కంచె వేయనిది నేనే. కాంట్రాక్టరు రేపు వేస్తా, ఎల్లుండి వేస్తా అంటే నమ్మింది నేనే. కలువలు, పిట్టలు అని నన్ను ఎత్తిపొడవటానికి రాసినా, బాగా రాశావు. బాపు ఉంటే రెండుసార్లు చదివించుకునేవాడు.

కానీ ఇక నావల్ల కావటం లేదు. నేను మోటార్ల మనిషిని, రోజంతా నీళ్లతోనే పని. అయినా ఇంట్లో బకెట్టు నిండితే నల్లా కట్టేయటానికి సునీతను పిలుస్తాను. నిండిన నీళ్లలోకి వంగి చూడలేను. ఆ గుంత భూమి మీద ఉన్నంతకాలం నాకు ఇట్లాగే ఉంటుంది. వానలు తగ్గగానే పని మొదలుపెడతాను. నీళ్లు తోడే పని కూడా పెట్టుకోను, నీళ్ల మీదే మన్ను పోయిస్తే తొందరగా అయిపోతుంది.

బావను అడిగానని చెప్పు. నేను చెప్పమంటే చెప్తావో లేదో.

నీ తమ్ముడు,
వీరేందర్


కొత్వాల్‌గూడ,
27 జూలై 2025

వీరేందర్‌కు,

ఎత్తిపొడుపా? నిన్ను ఎత్తిపొడవాలంటే నాకు కలువలు కావాలా? చిన్నప్పటి నుంచీ నీకు ఇదే రోగం. ఎవరు ఏమన్నా నిన్నే అన్నారనుకుంటావు. నేను పిట్టల గురించి రాస్తే పిట్టల గురించే రాశానని అనుకోరాదా?

ఊళ్లో దాన్ని శోభ గుంత అంటారట. నా ముందు ఎవరూ అనలేదు, ఈ మధ్యే తెలిసింది. అటు మేకలు మేపే జంగమ్మ నన్ను ఒడ్డున చూసి హడలిపోయింది. "ఆడ కూసోకు అక్కా. పొద్దుగూకే యాళ్లకు నీ బిడ్డ నీళ్ల మీద నడుస్తది. నేను రెండుపార్లు చూసిన. పానం పోయి వచ్చింది" అంది.

ఇంకెవరైనా అయితే లేచి పోయేవాళ్లు. నేను మరునాడూ పోయాను, ఆ మరునాడూ పోయాను. మూడో రోజు ఎండ దిగుతుండగా కలువ ఆకుల మీద ఏదో తెల్లగా కదిలింది. ఒక ఆకు మీంచి ఇంకో ఆకు మీదికి, మునగకుండా, తొందర లేకుండా నడిచి వస్తోంది. లేచి నిలబడ్డాను. "శోభా" అని పిలిచాను కూడా.

పిట్ట. తెల్లని రెక్కలు, సన్నగా పొడుగాటి తోక, మెడ వెనక బంగారు రంగు. వేళ్లు ఎంత పొడుగంటే దాని ఒంటికి అవి అతకనే లేదు. ఆ వేళ్లు ఆకు మొత్తం పరుచుకొని బరువు పంచుకుంటాయి. అది కాలు పెడితే ఆకు కొంచెం దిగి, తీయగానే పైకి లేస్తుంది. అంగన్‌వాడీలో పక్షుల చార్టు ఉంది, అందులో కాకి, చిలుక, నెమలి తప్ప ఏమీ లేవు. దాని పేరు నాకు తెలియదు.

పిట్ట అని తెలిశాక నాకు ధైర్యం రాలేదు వీరేందర్, ఏడుపు వచ్చింది. దయ్యమే అయి ఉంటే బాగుండేది అనిపించింది. ఈ మాట మీ బావతో అనలేను, ఊళ్లో ఎవరితోనూ అనలేను. చివరికి నీతో చెప్పుకోవాల్సి వచ్చింది చూడు, నా ఖర్మ.

అప్పటి నుంచి రోజూ పోతున్నాను. దాని గూడు కూడా కనిపెట్టాను. గూడు అంటే ఏముంది, ఆకు మీద నాలుగు పుల్లలు, నాలుగు గుడ్లు. వాన పెద్దగా పడితే నీళ్లు పెరుగుతాయి, ఆకులూ వాటితో లేస్తాయి, గుడ్లూ లేస్తాయి. మొన్న రెండు రోజులు ఆగకుండా పడ్డప్పుడు ఇంట్లో కూర్చోలేక గొడుగు వేసుకొని పోయి చూసొచ్చాను. నాలుగూ ఉన్నాయి.

ఇంకో సంగతి, నీకు పనికొచ్చేది. గుంత తవ్వకముందు పక్క చేను రామచంద్రయ్య బోరు ఆరేళ్లు ఎండిపోయి ఉండేది కదా. గుంత నిండినప్పటి నుంచి మళ్లీ పోస్తోంది.

నీ ఉత్తరంలో ఒక ముక్క నాకు అర్థం కాలేదు. మోటార్ల మనిషివి, నీళ్లు తోడకుండానే మన్ను పోస్తానంటావేమిటి? తాబేళ్లు, చేపలు, ఈ గుడ్లు, అన్నీ బతికుండగానే ఆ మన్ను కింద పూడిపోవాలా? ఒకసారి వచ్చి చూసి అప్పుడు చెప్పు. నేను ఎదురుపడను.

భాగ్యలక్ష్మి


మహేశ్వరం,
17 ఆగస్టు 2025

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను. సమాధానం రాయటానికి మూడుసార్లు కూర్చొని లేచాను.

పోయిన ఆదివారం శంషాబాద్‌లో సునీత వాళ్ల బంధువుల ఇంట్లో ఫంక్షన్. నేను పోలేదు. బావ కనిపించాడని సునీత వచ్చి చెప్పింది. నువ్వు అన్నం సరిగా తినటం లేదట. అంగన్‌వాడీ కాగానే గుంత దగ్గరికే పోతున్నావట. ఒకరోజు బావ వెనకనే వస్తే, నీళ్ల వైపు చూస్తూ ఒక్కదానివే మాట్లాడుతున్నావట. "నాకు బుగులైతుంది సునీతా, ఆమెను ఎట్ల ఆపాల్నో తెలుస్తలేదు" అని కళ్ల నీళ్లు పెట్టుకున్నాడట. బావ ఏడవటం నేను ఎన్నడూ చూడలేదు.

దయ్యమే అయి ఉంటే బాగుండేది అని నువ్వు రాసిన మాట నాకు అప్పుడు అర్థమైంది. ఆ నీళ్లు నిన్ను పిలుస్తున్నాయి అక్కా. కలువలు, గుడ్లు, పిట్టలు, అంతా దాని వేషం. మొన్న హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూపిస్తుంటే నాకు నువ్వే కనిపించావు, ఆ ఒడ్డున గొడుగు పట్టుకొని.

కొన్నాళ్లు మా ఇంటికి రా. నాతో మాట్లాడనవసరం లేదు, నేను దుకాణంలోనే పడుకుంటాను. సునీత నిన్ను మంచి దవాఖానకు తీసుకుపోతుంది. నిద్రకు మందులిస్తారు, తప్పేమీ లేదు, నేనూ వాడుతున్నాను.

గుంత సంగతి మాత్రం నాకు వదిలేయి. ఇప్పుడు ఇంకా తొందర చేయాలి.

వీరేందర్


కొత్వాల్‌గూడ,
24 ఆగస్టు 2025

వీరేందర్‌కు,

మీ బావకు నా మీద ఫిర్యాదు చేయటానికి నీ పెళ్లామే దొరికిందా? ఆయన సంగతి ఇంట్లో చూసుకున్నాను. నువ్వు చెప్పు, పిచ్చి నాకా? ముప్పై మంది పిల్లలకు రోజూ గుడ్డు, అన్నం పెట్టి, రిజిస్టరు రాసి, అందరి బరువులూ తూచి పంపిస్తున్నాను. ఒక్క అంకె తప్పు పోలేదు. పిచ్చిదాన్నయితే సూపర్‌వైజరుకు తెలియకపోయేదా?

నా మందూ మాకూ నీకెందుకు? అసలు సంగతి నాకు అర్థమైంది. ఆ ఏజెంటు నిన్న మళ్లీ వచ్చాడు, ఈసారి కారులో ఇద్దరిని తెచ్చాడు. సీతాఫలం మొక్కలు చూడటానికి వచ్చారా వాళ్లు? బాపు చేనును ఒకసారి తవ్వించావు, ఏమైందో చూశావు. ఇప్పుడు పూడ్పించి రాళ్లు పాతిస్తావు. అడ్డం చెప్తే అక్కకు పిచ్చి అంటావు.

గుడ్లు పిల్లలయ్యాయి. మూడే. ఒకటి ఏమైందో తెలియదు. నీకు చెప్పి ఏం లాభం?

భాగ్యలక్ష్మి


మహేశ్వరం,
8 సెప్టెంబరు 2025

అక్కా,

ఈ నెల 22, సోమవారం, టిప్పర్లు వస్తాయి. ఆ రోజు నువ్వు చేను వైపు రావద్దని బావకు ఫోన్ చేసి చెప్పాను. ప్లాట్లకే అనుకో, డబ్బుకే అనుకో, నీ ఇష్టం. రోజూ తిట్టుకో. బతికి ఉండి తిట్టుకో.

వీరేందర్


కొత్వాల్‌గూడ,
13 సెప్టెంబరు 2025

తమ్ముడా,

నిన్నటి నుంచి మన వాడలో ఆడపిల్లలు బొడ్డెమ్మ పెట్టుకున్నారు. పీట మీద మన్నుతో అంతస్తులు అంతస్తులుగా చేసి, పూలు పెట్టి, చుట్టూ తిరిగి పాడుతున్నారు. పదమూడేళ్ల కింద ఇదే పంచమి నాడు మన శోభ పోయింది. నీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు నేను రాయబోయేది మీ బావకు కూడా తెలియదు. రాసి చించేస్తానేమో అనుకున్నాను. చించలేదంటే నీకు చేరుతుంది.

ఆ రోజు శోభ చెప్పకుండా ఆడుకోవటానికి పోయిందని అందరికీ చెప్పాను. మాట వినని పిల్ల అని ఏడ్చాను. అబద్ధం. దాన్ని పంపింది నేను. బొడ్డెమ్మకు పుట్టమన్ను కావాలంది. పుట్ట దూరం, నాకు పని ఉంది. "ఆడ మొరం గుంత ఒడ్డున ఎర్రమన్ను వానకు మెత్తగయింది, పోయి ఇంత తెచ్చుకోపో" అన్నాను. సత్తు గిన్నె నేనే చేతికిచ్చాను. "జల్ది రా" అన్నాను. దానికి భయమేసింది, నన్నూ రమ్మంది. "గంత పెద్ద పిల్లవు, నీకేం భయం?" అని కసిరాను. నేను దానితో మాట్లాడిన ఆఖరి మాట అది.

ఎవరూ ఏమీ అడగలేదు. ఆ గిన్నె మళ్లీ కనిపించలేదు. మూడో దినం నాడు నువ్వు వాకిట్లో తల వంచుకొని నిలబడి ఉంటే, ఎవరో "మేనమామే ముంచిండు" అన్నారు. నేను ఆ మాట పట్టుకున్నాను. అది పట్టుకోకపోతే ఆ రోజే పోయేదాన్ని. ఒట్టు కూడా అందుకే పెట్టుకున్నాను, నీతో మాట్లాడితే ఏదో ఒకరోజు ఈ సంగతి నా నోట్లోంచి వచ్చేస్తుందని. చచ్చిపోయిన నా పిల్ల మీద నింద వేసి, దాని మీదే ఒట్టు పెట్టి, నీ ముఖాన బురద వేసి, పదమూడేళ్లు అన్నం తిన్నాను.

ఊళ్లో నేను తమ్ముడి వల్ల బిడ్డను పోగొట్టుకున్న తల్లిని. ఆ ఒడ్డున ఒక్కచోటే నేను మన్నుకు పంపిన తల్లిని. మీ బావ విన్న మాటలు అవే. రోజూ పోయి, జరిగింది జరిగినట్టు దానికి చెప్తాను. నేను చెప్తుంటే ఆ పిట్ట పిల్లలు ఆకుల మీద నడక నేర్చుకుంటూ ఉంటాయి. అంత పని చేసిన నీళ్లే గుడ్లను పైకెత్తి కాపాడాయి, రామచంద్రయ్య బోరుకు పోతున్నాయి. అట్లాంటప్పుడు నాలో కూడా పనికొచ్చేది కొంచెమైనా మిగిలి ఉంటుందేమో అని చూస్తూ కూర్చుంటాను. నాకు చావాలని లేదు తమ్ముడా. చాలా ఏళ్ల తర్వాత అట్లా అనిపించటం మానింది. అది అక్కడే మానింది.

ఇక నీ ఇష్టం. పూడుస్తే పూడ్చు. ఈ ఉత్తరం ఊరంతా చదివి వినిపించినా నేను అడ్డం రాను. నీకు ఆ హక్కుంది.

భాగ్యలక్ష్మి


మహేశ్వరం,
17 సెప్టెంబరు 2025

అక్కా,

టిప్పర్లు రావు. నిన్ననే ఆ ఏజెంటుకు ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. వాడు ఏవేవో తిట్టాడు, పడ్డాను. చేను నీ పేరున రాస్తాను, కాగితాలు సునీత తెస్తుంది. కంచె మాత్రం వేయిస్తాను. జమ్ముకు ఈవల, నీకు ఒక తలుపు పెట్టించి. వద్దనకు.

నువ్వు రాసింది నాకు తెలుసు అక్కా. ఆ రోజు నుంచే తెలుసు.

ఆ మధ్యాహ్నం నేను చేను చూసుకోవటానికి పోయాను. ఒడ్డున సత్తు గిన్నె ఉంది. సగం దాకా మన్ను, పైన అరచేత్తో చదును చేసి ఉంది. నీ పెళ్లికి పెట్టిన ఆ గిన్నె మీద బాపు పేరు చెక్కి ఉంటుంది కదా, అది మీ ఇంటి గిన్నె అని దూరం నుంచే తెలిసింది. దూకాను. నేను బయటికి తెచ్చేసరికే ఏమీ లేదు. పొట్ట ఒత్తాను, ఊపిరి ఊదాను, ఎంతసేపు చేశానో తెలియదు. ఇంకా ఎవరూ రాలేదు.

పంచమి, మన్ను, మీ ఇంటి గిన్నె. పంపింది ఎవరో ఇంకొకరు చెప్పాలా? ఇది తెలిస్తే ఊరు నిన్నేమంటుందో కాదు నేను ఆలోచించింది, నిన్ను నువ్వేం చేసుకుంటావో అని. గిన్నెను లోతు చూసి విసిరేశాను. నన్ను తిట్టుకుంటే నువ్వు బతుకుతావనుకున్నాను. నువ్వు ఒట్టు పెట్టిన రోజు, ఇంటికి పోయి సునీతతో "అక్క బతుకుతది" అన్నాను. సునీతకు అప్పుడు అర్థం కాలేదు.

పోయిన ఏడాది ఎండాకాలం గుంత సగానికి దిగిందని రామచంద్రయ్య చెప్పాడు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. గిన్నె తేలితే ఎవరో ఒకరు దాన్ని నీ దగ్గరికే తెస్తారు. అందుకే పూడుస్తానన్నాను, అందుకే నీళ్లు తోడనన్నాను. తోడితే అదే బయటపడేది. ఇప్పుడు పడితే పడనీ.

నిన్ను ఆ ఒడ్డున ఊహించుకొని చచ్చిపోతావనుకున్నాను. బతకటానికి పోతున్నావని నాకు తట్టలేదు. అంత అందం అక్కడ ఎట్లా ఉంటుందో నాకు ఇంకా నమ్మకం కుదరటం లేదు. ఏదో ఒకరోజు వస్తాను. అప్పటిదాకా ఆ మూడు పిల్లల సంగతి రాస్తూ ఉండు.

ఇంకొకటి ఉంది. చెప్పకుండా ఉందామనుకున్నాను, కానీ నువ్వు అంతా రాశాక నేను దాచుకోవటం న్యాయం కాదు. శోభ కుడి పిడికిట్లో మన్ను ఉంది, గట్టిగా పట్టుకొని ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకొని నీళ్ల అంచున కూర్చొని ఒక్కొక్క వేలూ విప్పి కడిగాను. గోళ్లలో ఇరుక్కున్నది పుల్లతో తీశాను. తర్వాత ఎత్తుకొని మీ వాకిట్లోకి తెచ్చాను. నువ్వు పరుగెత్తుకొచ్చి ముందు దాని ముఖం చూడలేదు అక్కా, చేతులు చూశావు. రెండూ తిప్పి తిప్పి చూశావు.

శుభ్రంగానే ఉన్నాయి కదా.

నీ తమ్ముడు,
వీరేందర్